మన సముద్రమా, మా సముద్రమా? ఎపెలి హౌఓఫా రచనల్లో ద్వీపదేశ భావన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

టోంగా మూలాలున్న కథకుడు, మానవశాస్త్రవేత్త ఎపెలి హౌఓఫా (1939–2009) 1993లో వెలువరించిన 'అవర్ సీ ఆఫ్ ఐలండ్స్' వ్యాసం ద్వీపదేశాల అధ్యయనంలో ఒక మలుపుగా పేరు పొందింది. పసిఫిక్ దేశాలు చిన్నవి, నిరుపేదవి, శాశ్వతంగా పరాధీనమైనవి అనే అభిప్రాయాన్ని అది ఖండించింది. ఆ ఖండన సమంజసమే. అయితే అంతకు పదేళ్ల ముందు హౌఓఫా కథలు పట్టి చూపిన అంతర్గత వర్గభేదం ఆ వ్యాసంలో మరుగున పడిందని, 'అవర్' అనే సర్వనామం పరిధి కూడా అందులో తేలకుండా మిగిలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఫిజీలోని గిర్మిట్ కూలీల చరిత్రను ప్రమాణంగా తీసుకొని ఆ పరిధిని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హౌఓఫా, ద్వీపదేశాలు, మిరాబ్, టోంగా, ఫిజీ, లెసోతో, గిర్మిట్, వలస, వ్యంగ్యం.

1. ప్రవేశిక

ఇంగ్లీషులోని 'అవర్' అనే మాటను తెలుగులోకి తేవాలంటే అనువాదకుడు ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. వినేవారిని కలుపుకుంటే 'మన', కలుపుకోకపోతే 'మా'. ఈ భేదం టోంగా భాషలోనూ ఉంది. ఇంగ్లీషులో మాత్రం లేదు. హౌఓఫా తన ప్రసిద్ధ వ్యాసాన్ని ఇంగ్లీషులో రాశాడు కనుక ఈ ప్రశ్న ఆయనకు శీర్షికలోనే ఎదురుకాలేదు. ఆ శీర్షికను తెలుగు చేయబోయే పాఠకునికి మాత్రం అది మొదటి అడుగులోనే ఎదురవుతుంది. ఇది కేవలం వ్యాకరణ సమస్య కాదు. ఆ సముద్రం ఎవరిది, అందులో ఎవరికి చోటుంది, ఆ చోటు అందరికీ సమానమేనా అన్నవి ద్వీపదేశాల ఆర్థిక, సామాజిక చరిత్రకు చెందిన ప్రశ్నలు.

హౌఓఫా జీవితమే ద్వీపాంతర యాత్ర. టోంగా మతప్రచారకుల బిడ్డగా ఆయన పాపువాలో పుట్టాడు. ఆస్ట్రేలియాలో మానవశాస్త్రం చదివాడు. కొంతకాలం టోంగా రాజప్రాసాదంలో ఉద్యోగం చేసి, తరువాత ఫిజీ రాజధాని సువాలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడయ్యాడు. 1997లో అక్కడే ఓషియానియా కళా సాంస్కృతిక కేంద్రాన్ని స్థాపించాడు. 'టేల్స్ ఆఫ్ ద టికాంగ్స్' కథలు (1983), 'ద న్యూ సౌత్ పసిఫిక్ సొసైటీ' (1987), 'అవర్ సీ ఆఫ్ ఐలండ్స్' (1993), 'ది ఓషన్ ఇన్ అస్' (1997) అనే రచనలను వరుసగా చదివితేనే ఆయన ఆలోచనలో వచ్చిన మార్పు, దానిలోని లాభనష్టాలు తెలుస్తాయి.

2. చిన్నదనం: భూగోళమా, భావనా?

ద్వీపదేశాలను వర్ణించేటప్పుడు భూవిస్తీర్ణంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. టోంగాలో సుమారు 170 ద్వీపాలున్నా భూభాగం దాదాపు 750 చదరపు కిలోమీటర్లే. కిరిబాటి దేశంలోని 33 దీవుల మొత్తం విస్తీర్ణం 811 చదరపు కిలోమీటర్లు. అయితే కిరిబాటికి ఆర్థిక హక్కులున్న సముద్ర మండలం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. అది భారతదేశ భూవిస్తీర్ణం కంటే ఎక్కువ. నేలను మాత్రమే లెక్కించే కొలతలో ఈ దేశం చుక్కగా మిగులుతుంది. నీటిని కూడా లెక్కిస్తే ప్రపంచంలోని విశాల దేశాల సరసన చేరుతుంది. దూరసముద్రంలో చెదరిపడ్డ దీవులకూ, దీవులతో నిండిన సముద్రానికీ హౌఓఫా చూపిన భేదం ఇదే.

ఈ భేదానికి ఆయన చరిత్రను ఆధారం చేసుకున్నాడు. ఐరోపా నౌకలు రాకముందే ఫిజీ, టోంగా, సమోవాల మధ్య నేత చాపలు, ఎర్ర ఈకలు, పడవలు ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థ ఉండేది. వివాహ సంబంధాలూ ఆ మార్గాలలోనే సాగేవి. 1769లో కెప్టెన్ కుక్ నౌక ఎక్కిన రైయాటియా ద్వీపవాసి టుపాయా 70కి పైగా దీవులతో పటం గీయించగలిగాడంటే ఆ సముద్రజ్ఞానం ఎంత విస్తృతమో ఊహించవచ్చు. 19వ శతాబ్దంలో సామ్రాజ్యాలు గీసిన సరిహద్దులే ఈ మార్గాలను తెంచి దీవులను ఒంటరిని చేశాయని, కాబట్టి 'చిన్నదనం' చరిత్ర సృష్టించిన స్థితేనని హౌఓఫా వాదం.

ఇలాంటి నిర్మాణం ద్వీపాలకే పరిమితం కాదు. చుట్టూ దక్షిణాఫ్రికా ఆవరించిన పర్వతదేశం లెసోతో దీనికి మరో నిదర్శనం. జేమ్స్ ఫెర్గూసన్ 1990లో ప్రచురించిన 'ది యాంటీ పాలిటిక్స్ మెషీన్' గ్రంథం ఆ దేశాన్ని గురించి 1975లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన నివేదికను నిశితంగా విమర్శించింది. ఆధునిక ఆర్థిక వ్యవస్థ సోకని రైతుల దేశంగా ఆ నివేదిక చిత్రించిన లెసోతో, వాస్తవానికి ఎన్నో దశాబ్దాలుగా దక్షిణాఫ్రికా గనులకు కూలీలను సరఫరా చేస్తూ వచ్చింది. ద్వీపాన్ని సముద్రం, పర్వతదేశాన్ని కొండలు ప్రపంచం నుంచి వేరు చేశాయని చెప్పడం వల్ల పేదరికానికి భూగోళం కారణమవుతుంది. ఆ శ్రమను వాడుకున్న వ్యవస్థ బాధ్యత నుంచి తప్పుకుంటుంది. హౌఓఫా, ఫెర్గూసన్ వేర్వేరు దారుల్లో చేరుకున్న ఉమ్మడి గమనిక ఇది.

3. టికో కథలు: వ్యంగ్యం చూసిన వర్గం

1983 నాటి కథాసంపుటిలోని టికో ఒక కల్పిత ద్వీపదేశం. టికో జనం ఆరు రోజులు విశ్రమించి ఏడవనాడు శ్రమిస్తారన్నట్లు సృష్టిగాథను తలకిందులు చేయడంతో కథల స్వరం ఖరారవుతుంది. బైబిల్ గంభీరవాక్కు, ఊరి రచ్చబండ అతిశయోక్తి, అభివృద్ధి నివేదికల పరిభాష ఒకే వాక్యంలో ఢీకొని నవ్వు పుట్టిస్తాయి. ఈ నవ్వు ద్వీపవాసుల సోమరితనం మీద విసిరినదని పొరబడే ప్రమాదం ఉంది. అభివృద్ధిని బాహాటంగా వ్యతిరేకించే మను అనే పాత్ర ఆ పొరపాటును వారిస్తుంది. వ్యంగ్యానికి గురి అయ్యేది జనం కాదు, వారిని ఉద్ధరించడానికి దిగివచ్చిన యంత్రాంగమూ, దానితో చేతులు కలిపిన స్థానిక పెద్దలూ.

'ద గ్లోరియస్ పసిఫిక్ వే' కథ ఇందుకు ఉత్తమ ఉదాహరణ. కథానాయకుడు ఓలె పసిఫికివెయ్ తీరికవేళల్లో మౌఖిక సంప్రదాయాలను సేకరించి పుస్తకాల్లో రాసుకుంటాడు. ఆ పనికి విదేశీ నిధి దొరుకుతుందని ఒక అధికారి ఆశపెడతాడు. చేయిచాచడానికి ఓలె మొదట సిగ్గుపడతాడు. క్రమంగా అలవాటు పడతాడు. సంఘాలు, దరఖాస్తులు, శిక్షణల నడుమ తిరిగివచ్చేసరికి ఇంట్లోని బంధువురాలు ఆ రాతపుస్తకాలను మరుగుదొడ్డి కాగితంగా వాడేసి ఉంటుంది. సేకరణ పోయింది, నిధుల వేట మిగిలింది. చివరకు ఓలె నిపుణుడైన యాచకుడవుతాడు. 1970లో ఐక్యరాజ్యసమితి వేదికపై ఫిజీ ప్రధాని రాతు మారా వాడిన 'పసిఫిక్ వే' అనే మాట ప్రాంతీయ ఆత్మగౌరవ నినాదమైంది. ఆ నినాదాన్నే పేరుగా మోస్తున్న పాత్ర బిచ్చమెత్తడంలో ఈ కథ చేదు ఉంది.

ఈ కథలో పరాధీనత ద్వీపం చిన్నది కావడం వల్ల రాలేదు. సాయం ఇచ్చేవారికీ, పుచ్చుకునే విద్యావంతులకూ మధ్య కుదిరిన లాభసాటి ఒప్పందం వల్ల వచ్చింది. 1987 వ్యాసంలో హౌఓఫా ఈ విషయాన్నే సిద్ధాంత భాషలో చెప్పాడు. ద్వీపదేశాల పాలకవర్గాలు ఒకే విద్య, ఒకే భాష, ఒకే జీవనశైలితో ఒక ప్రాంతీయ సమాజంగా ఏకమయ్యాయని, సంప్రదాయాన్ని కాపాడే భారం మాత్రం పేదల మీద మిగిలిందని ఆయన విశ్లేషణ.

4. 1993 వ్యాసం: వెలుగు, నీడ

1985లో జెఫ్ బెర్ట్రమ్, రే వాటర్స్ 'మిరాబ్' అనే నమూనాను ప్రతిపాదించారు. వలస, ఇంటికి పంపే సొమ్ము, విదేశీ సాయం, ప్రభుత్వోద్యోగ యంత్రాంగం అనే నాలుగు స్తంభాలపై చిన్న ద్వీప ఆర్థిక వ్యవస్థలు నిలిచి ఉన్నాయని దాని సారాంశం. ఆ వ్యవస్థ దీర్ఘకాలం నిలవగలదని ప్రతిపాదకుల ఉద్దేశం అయినా, దానిని పరాధీనతకు నిర్వచనంగా చదవడం అలవాటైంది. అలాంటి పాఠాలు తానూ బోధించి, విద్యార్థుల ముఖాలు వాడిపోవడం చూసి, హౌఓఫా తన బోధననే ప్రశ్నించుకున్నాడు. హవాయి దీవిలో ప్రసంగానికి వెళ్తూ అగ్నిపర్వతపు లావాతో నేల ఇంకా పెరుగుతుండడం గమనించిన అనుభవం ఆ పునరాలోచనకు ప్రతీక అయింది.

వ్యాసం బలమంతా దృష్టికోణాన్ని మార్చడంలో ఉంది. ప్రభుత్వాల గణాంకాలను పక్కనపెట్టి, సామాన్యుల రాకపోకలను అది ముందుకు తెచ్చింది. ఆక్లాండ్‌లోనో కాలిఫోర్నియాలోనో పనిచేసే టోంగావాసి పంపే డబ్బు దానం కాదు. ఇంటివద్ద ఉన్నవారు పూర్వికుల నేలను కాపాడుతూ, సరుకులు పంపుతూ, తిరిగివచ్చేవారికి పొయ్యి ఆరకుండా చూస్తూ దానికి బదులు చెల్లిస్తున్నారు. ఇది పరస్పర వినిమయమే తప్ప ఆధారపడటం కాదు. ఇటీవలి సంవత్సరాలలో టోంగా స్థూల జాతీయోత్పత్తితో పోలిస్తే బయటినుంచి వచ్చే సొమ్ము 40 శాతం చుట్టూ ఉంటోంది. ఆ అంకెకు హౌఓఫా వ్యాఖ్యానం లేకపోతే అది కేవలం రోగలక్షణంగానే కనిపిస్తుంది.

అయితే ఈ వెలుగుకు నీడ ఉంది. మొదటిది, సముద్రం అందరికీ ఒకేలా తెరచి లేదు. 1970ల మధ్యలో న్యూజిలాండ్ పోలీసులు వీసా గడువు దాటినవారి కోసం పసిఫిక్ కుటుంబాల ఇళ్లపై తెల్లవారుజామున దాడులు చేశారు. అందుకు ఆ దేశ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2021లో. 2007 నుంచి అక్కడి తోటల్లో అమలవుతున్న తాత్కాలిక కూలీల పథకంలో ప్రయాణం ఉంది, స్థిరపడే హక్కు లేదు. విమానంలో స్వేచ్ఛగా తిరిగే వ్యాపారికీ, కోతల కాలం ముగియగానే వెనుదిరగవలసిన కూలీకీ సముద్రం ఒకటి కాదు. రెండవది, ఇంటివద్ద జరిగే 'చెల్లింపు'లో గణనీయమైన భాగం స్త్రీల శ్రమ. టోంగాలో చాపలు అల్లేది, చెట్టుబెరడు వస్త్రాలు చేసేది వారే. ఆ శ్రమ విలువను ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్నను వ్యాసం విప్పలేదు. ఓలెను సృష్టించిన వ్యంగ్యకారుడు అడగగలిగిన ఈ ప్రశ్నలను ఉద్బోధకుడు అడగలేదు. కుంగిపోయిన విద్యార్థులకు ధైర్యం చెప్పడమే లక్ష్యం కావడంతో 'మనం' అన్న సామూహిక స్వరంలో 1987 నాటి వర్గవిశ్లేషణ కరిగిపోయింది.

5. గిర్మిట్ ప్రజల సముద్రం

'అవర్' పరిధికి కఠినమైన పరీక్ష హౌఓఫా నివసించిన ఫిజీలోనే ఉంది. 1879 నుంచి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయ కూలీలు ఒప్పందంపై ఆ దీవులకు చేరారు. 'అగ్రిమెంట్' వారి నోట 'గిర్మిట్' అయింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. 1926లో ఏర్పడిన దక్షిణ భారతీయుల సంగం, తరువాతి ఆంధ్ర సంఘం వారి భాషా స్మృతికి ఆశ్రయమయ్యాయి. వీరు ఎరిగిన సముద్రం టుపాయా ఎరిగిన సముద్రం కాదు. అది దీవులను కలిపిన దారి కాదు, ఊరినీ కులాన్నీ తెంచిన నల్లనీరు. దానికి అవతలి ఒడ్డున చెరకుతోట ఉంది. ప్రాచీన నౌకాయానాన్ని పునాదిగా చేసుకున్న సముద్ర భావనలో ఈ అనుభవానికి సహజంగా చోటు దొరకదు.

1987లో ఫిజీలో జరిగిన రెండు సైనిక తిరుగుబాట్లు ఈ ప్రశ్నను రాజకీయంగా పదునెక్కించాయి. పదేళ్ల తరువాత 'ది ఓషన్ ఇన్ అస్'లో హౌఓఫా దీనికి స్పష్టమైన సమాధానం ఇచ్చాడు. ఈ ప్రాంతంలో జీవించి, దానికి కట్టుబడినవారెవరైనా ఓషియానియావాసులే అన్నది దాని సారం. రక్తాన్ని కాక నిబద్ధతను ప్రమాణం చేయడం ద్వారా ఆయన 'మా' అనే అర్థాన్ని విడిచి 'మన' వైపు నడిచాడు. ఆనాటి ఫిజీలో ఇది సాహసమే.

అయినా నిబద్ధత నేల సమస్యను తీర్చదు. ఫిజీ భూమిలో అత్యధిక భాగం ఆదివాసీ వంశాల ఉమ్మడి ఆస్తి. దానిని అమ్మడానికి వీల్లేదు. వలసపాలనలో భూమి కోల్పోకుండా ఆదివాసులను కాపాడింది ఆ ఏర్పాటే. చెరకు రైతులు దానిని కౌలుకు తీసుకొని సాగు చేశారు. 1990ల చివరి నుంచి కౌలు గడువులు ముగియడంతో ఎన్నో కుటుంబాలు పొలం వదలవలసి వచ్చింది. ఇక్కడ రెండు పక్షాల భయాలకూ చరిత్ర ఉంది. సముద్రం గురించిన రూపకం ఎంత విశాలమైనా, కౌలు కాగితం మీది గడువును అది పొడిగించలేదు.

6. ముగింపు

హౌఓఫా రచనలను వేర్వేరుగా చదివితే అభివృద్ధిని వెక్కిరించిన హాస్యకారుడు ఒకడు, ద్వీపాల గౌరవాన్ని చాటిన ద్రష్ట మరొకడు కనిపిస్తారు. కలిపి చదివితే ఒకరి లోపాన్ని మరొకరు పూరిస్తారు. 1993 వ్యాసం భూగోళపు చిన్నదనాన్ని కొట్టివేసింది. 1983 కథలు, 1987 విశ్లేషణ ఆ విశాల సముద్రంలో పైమెట్టున ఎవరున్నారో చూపాయి. 1997 వ్యాసం పరాయివారుగా ఎంచబడినవారికి తలుపు తెరిచింది. భూమి, శ్రమ అనే రెండు అంశాలు మాత్రం ఆ తలుపు దగ్గరే ఆగిపోయాయి.

గిర్మిట్ దీవులలోని తెలుగువారిని గురించి జరిగే అధ్యయనానికి ఇందులో ఒక సూచన ఉంది. మాతృభూమికి దూరమై చిన్న దీవిలో చిక్కుకున్న శకలంగా వారిని చూడటం, దూరసముద్రంలోని దీవులను చూసే పాత చూపునకు మరో రూపమే అవుతుంది. ఆ దీవుల ఆదివాసులతో, అక్కడి నేలతో, తరువాతి తరాలు సాగించిన కొత్త వలసలతో వారికున్న సంబంధాన్ని కేంద్రంగా చేసుకున్నప్పుడే ఆ చరిత్ర పూర్తి అవుతుంది. శీర్షికను 'మన ద్వీపాల సముద్రం' అని అనువదించే హక్కు తెలుగు పాఠకునికి అలాంటి అధ్యయనం ద్వారానే లభిస్తుంది.