చీమల లెక్క – యుద్ధభూముల చికిత్స

ప్రకృతిని చూచి నేర్చిన కృత్రిమ మేధ యుద్ధములచే చెడిన నేలలను బాగుచేయగలదను మాట ఇప్పుడు తరచుగా వినవచ్చుచున్నది. మాట ఇంపుగానే యున్నది. అందులో పాలెంత, నీళ్ళెంత అని విచారింపవలసి యున్నది.

ఈ పద్ధతులలో పేరొందినది చీమలబారు పద్ధతి. మార్కో డొరిగో అను ఇటలీ శాస్త్రజ్ఞుడు 1992లో తన పరిశోధనా గ్రంథమున దీనిని ప్రతిపాదించెను. చీమ తాను నడచిన దారిలో ఒక వాసన పదార్థమును విడుచును. దగ్గరి దారిన చీమలు త్వరగా వచ్చిపోవుటచే అచ్చట వాసన హెచ్చును. తక్కినవియు ఆ దారినే పట్టును. దూరపు దారిలోని వాసన ఆవిరియైపోవును. చక్కెర డబ్బా చుట్టు చేరిన బారును చూచినవారికి ఇది కొత్త గాదు. కంప్యూటరులో వాసనకు బదులు అంకెలుండును. మందుపాతరలున్న పొలములపై డ్రోనులు ఏ వరుసలో ఎగిరిన తక్కువ బ్యాటరీతో ఎక్కువ నేలను చూడవచ్చునో తేల్చుటకు ఈ పద్ధతి తగినదే. ఉక్రెయిను ప్రభుత్వము 2023లో 1,74,000 చదరపు కిలోమీటర్ల నేలను అనుమానపు నేలగా లెక్కించినది. ముందెచ్చట వెదకవలెనో చెప్పు సాధనమును తీసివేయరాదు.

చిక్కంతయు ఆపైన. మేలైన దారి యనగా ఏది? ఆ నిర్ణయము చీమది కాదు, లెక్క వ్రాసిన మనుష్యునిది. రోజునకెన్ని ఎకరములను కొలత పెట్టినచో యంత్రము సులభమైన బయలును ముందెన్నుకొనును. బడికి పోవు కాలిబాట వెనుకబడును. పైగా డ్రోను దారి వంకరయైన నష్టము కొంత బ్యాటరీ. పాతర ఒకటి తప్పిపోయిన నష్టము ఒకరి కాలు. కాంబోడియాలో మగావా అను ఆఫ్రికా ఎలుక 2021లో విశ్రాంతి పొందులోగా 100కు పైగా మందుపాతరలను, పేలని గుండ్లను పసిగట్టినది. అది గీకిన చోటును మనుష్యుడు మరల పరీక్షించును. యంత్రపు పటమునకు ఈపాటి పరీక్షయైన ఉండవలదా?

నేలను తిరిగి పండించుట ఇంకను కఠినము. ఫ్రాన్సులో వెర్డను సమీపమున మొదటి ప్రపంచయుద్ధపు విషవాయు గుండ్లను 1928లో కాల్చిన చోటొకటి కలదు. 2007లో వెలువడిన పరిశోధన ప్రకారము అచ్చటి మట్టిలో కొన్ని తావుల నూటికి 17 పాళ్ళ వరకు ఆర్సెనిక్ ఉండెను. మిక్కిలి చెడిన భాగమున ఒక గడ్డి, ఒక నాచు, ఒక లైకెన్ మాత్రమే బ్రతుకుచుండెను. ఇట్టి నేలకు తగిన మొక్కల కూర్పును, జాన్ హాలండు 1975లో గ్రంథస్థము చేసిన జన్యు పద్ధతితో వెదకవచ్చునందురు. ఆ పద్ధతిలో వందల తరములు కంప్యూటరున నిమిషములలో గడచును. కాని ఏ కూర్పు మేలో చెప్పవలసినది మట్టి. ఒక తరమందలి కూర్పులన్నిటిని ఒకేమారు నాటినను, తరమునకొక పంటకాలము తప్పదు. ఆ జాగునకు ఓర్వలేక మట్టికి బదులు నమూనా లెక్కనే అడిగినచో, యంత్రము ఆ నమూనాకు మందు కనిపెట్టును గాని వెర్డను మట్టికి కాదు.

బెల్జియమునకు చెందిన కెన్నెత్ సోరెన్సెన్ 2015లో, ఇట్టి పద్ధతులలో పెక్కు పాత లెక్కకు కొత్త జంతువు పేరు తగిలించుటయేనని ఆక్షేపించెను. డొరిగో చీమలకు ఆ నింద పూర్తిగా తగులదు; వాటి తరువాత బారులు తీరిన తోడేళ్ళకు, గబ్బిలములకు తగులును.