అట్ట పట్టుకున్న చేతులు

1975 అక్టోబర్ 11న న్యూయార్క్‌లో మొదలైన లైవ్ టీవీ కామెడీ షో 'సాటర్డే నైట్ లైవ్' తొలి ఎపిసోడ్ మళ్లీ చూస్తూ, ఈసారి నటుల చూపులు గమనించాను. ఎదుటివాడితో మాట్లాడుతూనే కళ్లు పక్కకి జారుతుంటాయి. అక్కడ కెమెరా పక్కన ఒకరు అట్టలు పట్టుకుని నిలబడతారు.

ఆ షోలో డైలాగులు నేటికీ అట్టల మీద చేత్తోనే రాస్తారు. రాత్రి 8 గంటల రిహార్సల్‌లో పేలని జోకు 11:30 ప్రసారానికి ఉండదు. ఆ కాస్త వ్యవధిలోనే పాత వాక్యం కప్పేసి కొత్తది దిద్దాలి. పెద్ద, గుండ్రని అక్షరాలు. అసలు పనితనం అట్ట మార్చడంలో ఉంది: తొందరపడితే మాట తెగుతుంది, ఆలస్యమైతే నవ్వు పోతుంది. మన నాటకాల ప్రాంప్టరుకి గొంతైనా ఉండేది!

ఆ తొలి ఎపిసోడ్‌లో హాస్యనటుడు ఆండీ కాఫ్‌మన్ మాత్రం గ్రామఫోన్ పాటలో ఒక్క వాక్యానికే పెదవులు కదిపాడు. అతనికి అట్ట అక్కర్లేదు.