పట్టు కుదిరిన తీరు

కబడ్డీ చూసేవాళ్ల కళ్లన్నీ కూతకు వెళ్లినవాడి మీదే ఉంటాయి. వేలంలో పెద్ద మొత్తాలూ ఎక్కువగా అతనికే పోతాయి. ఒక జట్టును ఎలా కట్టారో తెలుసుకోవాలంటే మాత్రం, అతను అడుగుపెట్టిన అవతలి కోర్టును చూడాలి. అక్కడ ఏడుగురు నిలబడి ఉంటారు. రెండు చివర్లలో ఇద్దరు కార్నర్లు, వాళ్ల పక్కన ఇన్‌లు, ఆ తర్వాత కవర్లు, నడుమ సెంటర్. చేతులు కలుపుతూ వదులుతూ రైడర్ కదలికను బట్టి ఆ గొలుసు సాగుతుంది, ముడుచుకుంటుంది.

ఒక్క పట్టును నిదానంగా చూద్దాం. రైడర్ ఎడమ మూలకు వెళ్లి బోనస్ గీత దాటించడానికి కాలు చాచాడు. అతని బరువంతా రెండో కాలి మీద ఉంది. కార్నర్‌కు దొరికే అదను ఆ క్షణమే. భుజం కిందికి దించి చీలమండ దొరకబుచ్చుకుంటాడు. పట్టు అక్కడితో పూర్తి కాదు. రైడర్ అతన్ని ఈడ్చుకుంటూనే మధ్యగీత వైపు దూకుతాడు. ఆ దారికి అడ్డంగా కవర్ వచ్చి ఛాతీతో ఆపాలి, లేదా డ్యాష్ కొట్టి బయటికి నెట్టాలి. కవర్ అర అడుగు ఆలస్యమైతే రైడర్ వేలి కొస గీతకు తగులుతుంది. అర అడుగు ముందొస్తే రైడర్ కాలు వెనక్కి లాక్కుని కవర్‌నే తాకి పోతాడు. ‘ఇప్పుడు పట్టు’ అని చెప్పుకునే వ్యవధి ఇద్దరికీ ఉండదు. కార్నర్ భుజం దిగుతుండగానే కవర్ కాలు కదిలి ఉండాలి. పక్కవాడు ఎప్పుడు తెగిస్తాడో, ఎప్పుడు ఆగుతాడో ఒంటికి తెలిసి ఉంటే తప్ప అది సాధ్యం కాదు. ఆ తెలివిడి వేలంలో దొరకదు. ఇద్దరూ పక్కపక్కన మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడితే వస్తుంది.

నియమాల్లో ఇంకో అందమైన ఏర్పాటు ఉంది. అవుటైనవాళ్లు ఏ వరుసలో బయటికి వెళ్లారో అదే వరుసలో తిరిగి వస్తారు. జట్టు తాకి సంపాదించిన లేదా పట్టి సంపాదించిన ఒక్కో పాయింటుకు ఒక్కొక్కరు లేస్తారు. ఎంత గొప్ప రైడరైనా ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు. దొరికాక అతని శక్తి అంతా బెంచీ మీదే ఉండిపోతుంది. అతన్ని లేపాల్సింది మిగిలిన రైడర్లు, లేదంటే ఆ గొలుసు. వాళ్లవల్ల కాకపోతే కోర్టు ఒక్కొక్కరుగా ఖాళీ అయి ఆలౌట్ పడుతుంది. ప్రత్యర్థికి రెండు పాయింట్లు అదనంగా వెళతాయి.

తెలుగు టైటాన్స్ కథ నాకు ఈ నియమం దగ్గరే అర్థమైంది. 2014లో ప్రో కబడ్డీ మొదలైన నాటి నుంచి ఉన్న జట్టిది. రాహుల్ చౌదరి కూతతో పేరు తెచ్చుకుంది. 2015లో మూడో స్థానం కూడా సాధించింది. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో మాత్రం వరుసగా అట్టడుగున నిలిచింది. సీజన్‌కు 22 చొప్పున ఆడిన 66 మ్యాచ్‌లలో గెలిచినవి 5. పదో సీజన్‌కు రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొన్నారు. అప్పటికి లీగ్ చరిత్రలో అదే అత్యధిక ధర. పవన్ తన వంతు ఆట ఆడాడు. అయినా గెలుపులు రెండే. అతను బెంచీ మీద కూర్చున్నప్పుడు లేపేవాళ్లు కరువయ్యారు.

జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ తేల్చేవాళ్లు ముందుగా రేకును లక్క పరుపు మీద అతికిస్తారు. ఉలి దెబ్బను భరించేది ఆ లక్కే. టైటాన్స్ చేతిలో మేలైన ఉలి ఉంది, కింద లక్క లేదు.

అదే పదో సీజన్ ఫైనల్ 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగింది. పుణేరి పల్టన్ 28-25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి కప్పు గెలిచింది. ఆ జట్టును విప్పి చూస్తే ముచ్చటేస్తుంది. అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లను ఎనిమిదో సీజన్‌లో తీసుకుని వదలకుండా ఆడించారు. తొమ్మిదో సీజన్ ఫైనల్లో జైపూర్ చేతిలో ఓడినా జట్టును చెదరగొట్టలేదు. ఆ తర్వాతే డబ్బు తీశారు. ఇరాన్ డిఫెండర్ మొహమ్మద్‌రెజా షాద్‌లూయిని 2.35 కోట్లకు కొని ఎడమ కార్నర్‌లో నిలబెట్టారు. అతను ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువ ట్యాకిల్ పాయింట్లు తెచ్చాడు. అంటే పుణే వాళ్లు ఓపిక పట్టారు, ఖర్చూ పెట్టారు. రెండింటికీ ఒక వరుస పాటించారు. గొలుసు కుదిరాక, అందులో ఏ కొక్కెం బలహీనమో తెలిశాక, దానికోసమే కోట్లు పోశారు. ఇప్పుడే గెలవాలన్న ఆత్రాన్ని నేను తప్పుపట్టను. మూడేళ్లు అడుగున ఉన్న జట్టు అభిమానికి ‘ఇంకో మూడేళ్లు ఆగు’ అని ఎవరు చెప్పగలరు?

పదకొండో సీజన్‌కు టైటాన్స్ కోచ్‌గా కృష్ణకుమార్ హుడా వచ్చాడు. ఎనిమిదో సీజన్‌లో దబంగ్ ఢిల్లీని విజేతగా నిలిపినవాడాయన. పవన్‌ను మళ్లీ 1.725 కోట్లకు నిలుపుకున్నారు, కానీ ఈసారి భారమంతా అతని మీదే పెట్టలేదు. 20 లక్షలకు తీసుకున్న విజయ్ మాలిక్, కుర్రాడు ఆశిష్ నర్వాల్ కూతలో భాగం పంచుకున్నారు. పవన్ గాయంతో ఆగినప్పుడూ జట్టు గెలుస్తూ వచ్చింది. 12 విజయాలు, ఏడో స్థానం. ప్లేఆఫ్స్‌కు ఒక్క మెట్టు దూరం.

పన్నెండో సీజన్‌కు పవన్ లేడు. విజయ్ మాలిక్ కెప్టెన్, కూతకు తోడుగా భరత్ హుడా. వెనక గొలుసులో అంకిత్, అజిత్ పవార్ అంతకు ముందు సీజన్ నుంచి కలిసి ఆడుతున్నవాళ్లే. నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఆ జంటను విడదీయకపోవడమే. పత్రికల్లో శీర్షిక కాలేని, ఎవరూ చప్పట్లు కొట్టని నిర్ణయం. బెంగళూరును, పట్నాను ప్లేఆఫ్స్‌లో దాటి టైటాన్స్ రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లింది. అక్కడ ఎదురైంది పుణేరి పల్టనే. భరత్ 20కి పైగా పాయింట్లు తెచ్చినా 45-50తో ఫైనల్ చేజారింది. జట్టు 45 పాయింట్లు తెచ్చిన ఆటలో కూతకు వంక పెట్టలేం. ఇచ్చుకున్న 50 దగ్గరే, మూలకూ కవర్‌కూ నడుమ ఆ అర అడుగు దగ్గరే, కోచ్ కృష్ణకుమార్ హుడాకు ఇంకా పని మిగిలిపోయింది.