సారు లాగిన్‌లో ఉంది

పోయిన నెల మా చిన్నాయన వెంట మండల ఆఫీసుకు వెళ్లాను. ఆయన పాసుపుస్తకంలో రెండు గుంటలు తక్కువ పడ్డాయి. కౌంటర్ దగ్గరి కుర్రాడు తలెత్తకుండానే ‘‘ఇంకా సారు లాగిన్‌లనే ఉంది’’ అన్నాడు. నేను అర్థం చేసుకునేలోపే చిన్నాయన ‘‘మరి ఆర్డీవో లాగిన్‌కు ఎప్పుడు పోతది?’’ అని అడిగేశాడు. జన్మలో కీబోర్డు ముట్టని మనిషి!

మాటల మీద రాసుకుని బతికేవాణ్ని కదా, దారి పొడవునా అదే ఆలోచన. తెలుగు వికీపీడియాలో ‘లాగినవండి’ అని కనిపిస్తుంది. అక్కడ లాగిన్ ఒక పని. రెవెన్యూ ఆఫీసులో అది ఒక చోటు. ఫైలు అందులోకి పోతుంది, అందులోంచి బయటపడుతుంది, ఒక్కోసారి అక్కడే మూలుగుతుంది. ‘లో’, ‘కు’, ‘నుంచి’ తగిలించి మనవాళ్లు ఆ మాటను ఒక గదిని చేసేశారు. వెనకట ‘టేబుల్ మీద ఉంది’ అనేవారు. టేబులైతే కిటికీలోంచి తొంగి చూసే వీలుండేది.

2020 అక్టోబరులో తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలయ్యాక ఇలాంటి మాటలు రచ్చబండ దాకా వచ్చాయి. పాసుపుస్తకంలో తప్పులు దిద్దమనే దరఖాస్తుకు కంప్యూటర్లో ఉన్న గుర్తు టీఎం 33. దాన్ని రోగం పేరులా పలికేవారు: ‘‘నీది గూడ టీఎం 33యేనా?’’ 2017 నాటి రికార్డుల ప్రక్షాళనలో వివాదాలున్న భూముల్ని పార్ట్-బిలో పెట్టారు. ‘పార్ట్-బిల పడ్డది’ అంటే ఎదుటివాడు ఇక ఏమీ అడగడు. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. లాగిన్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

భాష చెడిపోతోందని బెంగపడే మిత్రులున్నారు. జమాబందీ, తహసీల్దారు మాత్రం మన పెరట్లో మొలిచాయా? ఫారసీ కచేరీల నుంచి దిగినవే. నా పేచీ వేరు. ‘సారు సంతకం పెట్టలేదు’ అన్నప్పుడు సారే కర్త. ‘సారు లాగిన్‌లో ఉంది’ అన్నప్పుడు కర్త ఫైలు. సారు మెల్లగా షష్ఠీ విభక్తిలోకి జరిగి తప్పించుకున్నాడు. ఇంత ఒడుపైన వ్యాకరణం ఏ పండితుడూ నేర్పలేదు.

చిన్నాయన రెండు గుంటలూ ఈ వారం ఆర్డీవో లాగిన్‌లో ఉన్నాయి.