ఏనుగు పాదాలతో వింటుందా?

పామును మన నిఘంటువులు చక్షుశ్రవమన్నాయి. అంటే కన్నులే చెవులుగా గలది. ఇప్పుడు ఏనుగుకు ‘పాదశ్రవం’ అన్న బిరుదు తగిలించే ఉత్సాహం పత్రికలలోను, ఒక్కొక్కప్పుడు తరగతి గదులలోను కనబడుతున్నది. ఏనుగు 32 కిలోమీటర్ల దూరాన ఉన్న తోటి ఏనుగుల సందేశాలను అరికాళ్ళతో వింటుందనీ, 2004 డిసెంబరు 26 నాటి సునామీని ముందుగానే పసిగట్టి మెట్టకు చేరుకొన్నదనీ చదువుతూ ఉంటాము. ఈ మాటలలో కొలిచి తెలుసుకొన్నది ఎంత, లెక్కకట్టి ఊహించినది ఎంత, ఒకరి నుంచి ఒకరికి చేరేటప్పుడు పెరిగినది ఎంత అని విడదీసి చూడవలసి ఉన్నది.

ముందుగా 32 కిలోమీటర్ల సంగతి. దీనికి ఆధారం కెయిట్లిన్ ఓకానెల్-రాడ్‌వెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 2000 లో ప్రచురించిన వ్యాసం. ఆసియా ఏనుగులు కడుపులోంచి వచ్చినట్లుగా చేసే గురగుర శబ్దాన్నీ, అవి నేలను తన్నినప్పుడు పుట్టే కంపనాలనూ వారు గాలిలోను, నేలలోను ఏకకాలంలో నమోదు చేశారు. శబ్దం గాలిలో సెకనుకు 309 మీటర్లు, నేలలో 248 నుంచి 264 మీటర్ల వేగంతో ప్రయాణం చేసింది. రెండింటిలోను ప్రధానమైన పౌనఃపున్యం సెకనుకు 20 కంపనాల ప్రాంతంలో ఉన్నది. ఏనుగుకు 40 మీటర్ల దూరాన కూడా నేల కంపనం స్పష్టంగా నమోదు అయింది. ఇది కొలత.

ఆ తరువాత వారు గణిత నమూనాను ఆశ్రయించి, గురగుర శబ్దం 16 కిలోమీటర్ల వరకు, అడుగుల కంపనం 32 కిలోమీటర్ల వరకు పరికరాలకు అందడానికి అవకాశమున్నదని అంచనా వేశారు. ‘పరికరాలకు’ అన్న మాటనూ, ‘అవకాశం’ అన్న మాటనూ వారు జాగ్రత్తగానే వాడారు. ఆ రెండు మాటలూ దారిలో జారిపోయి, ‘ఏనుగుకు వినబడుతుంది’ అన్నది మిగిలింది. కొలిచిన దూరానికీ ప్రచారంలో ఉన్న దూరానికీ 800 రెట్ల తేడా ఉన్నది!

ఇక పాదం సంగతి. ఆసియా ఏనుగు పాదపు చర్మంలో పసీనియన్ కణికలు ఉన్నవని 2007 లో శరీరనిర్మాణ పరిశోధకులు సూక్ష్మదర్శినితో పరిశీలించి ప్రకటించారు. ఈ కణిక ఉల్లిగడ్డ వంటిది. నడుమ ఒక నాడి కొస, దాని చుట్టూ పొరల మీద పొరలు. నిలకడగా ఉండే ఒత్తిడిని పొరలు సర్దుకొని మింగివేస్తాయి. త్వరత్వరగా మారే ఒత్తిడిని మాత్రం నాడికి చేరవేస్తాయి. అందుచేత ఇది కంపనాలకు తగిన గ్రాహకం. కాని ఇవి మన వేళ్ళలోను, అరికాళ్ళలోను కూడా ఉన్నవి. మనిషి పాదాలతో వింటాడని ఎవ్వరూ అనడం లేదు గదా! పైగా మనిషిలో ఈ కణికలు సెకనుకు 200 నుంచి 300 కంపనాల వద్ద మిక్కిలి చురుకుగా పనిచేస్తాయి. ఏనుగు గురగుర 20 కంపనాల ప్రాంతంలో ఉన్నది. ఏనుగు కణికలు కూడా మన కణికల వంటివే అయితే, ఈ పొంతన కుదరడం కష్టమే.

రెండవ మార్గం ఒకటి ఉన్నది. నేల కంపనం కాలి ఎముకల గుండా పైకి పాకి, పుర్రెను చేరి, మధ్య చెవిలోని ఎముకలను కదిలించవచ్చును. ఏనుగు చెవిలోని ఆ ఎముకలు చాలా పెద్దవి. ఇదే నిజమైతే పాదం గుమ్మం మాత్రమే, వినేది చెవియే. పరిశోధకులు ఈ రెండు మార్గాలనూ పేర్కొన్నారు. జనరంజక వ్యాసాలు మాత్రం రెండవదాన్ని వదలివేస్తున్నవి. చెవితో వినడంలో వింత ఏమున్నది అనుకొన్నారు కాబోలు.

కాళ్ళలోని గ్రాహకమే పని చేస్తున్నదని రుజువు చేయడం ఎట్లాగో తెలియాలంటే తేలును చూడాలి. అమెరికాలోని మొహావీ ఎడారిలో ఉండే ఇసుక తేలు మీద ఫిలిప్ బ్రౌనెల్ 1970 దశకంలో పరిశోధన చేశాడు. ఇసుకలో పురుగు కదలగానే తేలు అటు తిరుగుతుంది. దాని ప్రతి కాలి చివరి భాగంలో సన్నని చీలికల వంటి గ్రాహకాలు ఉన్నవి. బ్రౌనెల్ కొన్ని కాళ్ళలోని చీలికలను పాడుచేసి చూడగా, తేలు బాగున్న కాళ్ళవైపుకే తిరుగుతూ వచ్చింది. ఎనిమిది కాళ్ళూ సుమారు 5 సెంటీమీటర్ల వ్యాసం గల వృత్తంలో ఆని ఉంటాయి. ఇసుక ఉపరితల తరంగం సెకనుకు 50 మీటర్లు పోతుందనుకొంటే, ఈ కాలి నుంచి ఎదుటి కాలికి చేరడానికి సెకనులో 1000వ వంతు పడుతుంది. విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చు. కాళ్ళను రెండు వేరు వేరు పలకల మీద నిలిపి, ఒక పలకను రెండవదానికంటే సెకనులో 5000వ వంతు ముందు కదిలించినా, తేలు ముందు కదిలినవైపుకు తిరిగిందని బ్రౌనెల్ చూపాడు. గ్రాహకం ఉన్నదని చూపి ఊరుకోలేదు. అది పాడైతే ప్రవర్తన చెడుతుందనీ, దానికి అందే సమయాన్ని మార్చితే ప్రవర్తన మారుతుందనీ చూపాడు.

ఏనుగు మీద ఇటువంటి కోత ప్రయోగం చేయరాదు, చేయనక్కరలేదు. అయినా ఓకానెల్-రాడ్‌వెల్ బృందం నమీబియాలోని ఎటోషా అభయారణ్యంలో మెచ్చదగిన పని చేసింది. సింహాల జాడ తగిలినప్పుడు ఏనుగులు చేసే హెచ్చరిక శబ్దాన్ని నేల కంపనంగా మాత్రమే పంపగా, మందలు దగ్గరగా గుమికూడి, నీటి రేవును త్వరగా విడిచిపోయాయి. ఇది 2006 నాటి వ్యాసం. మరుసటి సంవత్సరపు వ్యాసం ఇంకా ఆసక్తికరం: అదే ప్రాంతపు ఏనుగుల హెచ్చరికకు మందలు స్పందించాయి, కెన్యా ఏనుగుల హెచ్చరికను అంతగా పట్టించుకోలేదు. కాబట్టి ఏనుగు నేల కంపనాన్ని గ్రహిస్తుందనడం సాహసం కాదు. పాదపు చర్మంతోనా, చెవితోనా అన్నది మాత్రం ఈ ప్రయోగాలు తేల్చలేదు.

సునామీ కథకు ఈ పాటి బలం కూడా లేదు. ఆనాడు శ్రీలంకలోని యాల అభయారణ్యంలో రెండు ఏనుగుల మెడలకు ఉపగ్రహం ద్వారా జాడ తెలిపే పట్టీలు ఉన్నవి. వాటి కదలికలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అవి ముందుగా పసిగట్టి పారిపోయినట్లు కనబడలేదని 2006 లో ప్రకటించారు. రెండు ఏనుగుల నడకను బట్టి ఏనుగులన్నింటి మీదా తీర్పు చెప్పరాదన్నది నిజమే. అయితే పారిపోయినవని చెప్పేవారు ఆ రెండింటి పాటి కొలతనైనా మన ముందు పెట్టడం లేదు.