పాళెము వెలుపలి మనిషి: మార్కు 1:40-45 ప్రసంగ వ్యాఖ్యానముపై ఒక విమర్శ

ప్రభువు కుష్ఠరోగిని ముట్టిన సంగతి మన సంఘములలో తరచుగా ప్రసంగింపబడుచున్నది. ఆ ప్రసంగములలో ఎక్కువ భాగము ఒకే బాటలో నడచును: కుష్ఠు పాపమునకు సాదృశ్యము, రోగి పాపికి సాదృశ్యము, శుద్ధి రక్షణకు సాదృశ్యము. ఈ వ్యాఖ్యానము వాక్యభాగమునకు గాని, వెనుక వరుసలో కూర్చుండి వినుచున్న రోగికి గాని న్యాయము చేయదని మా అభిప్రాయము.

మొదట పదమును పరిశీలింతము. హెబ్రీ పాత నిబంధనలోని 'త్సారాత్' ఒకే వ్యాధి పేరు కాదు. లేవీయకాండము 13వ అధ్యాయములో అది బట్టలకును, 14వ అధ్యాయములో ఇంటి గోడలకును పట్టును. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్న క్రిమివలన కలుగు వ్యాధి గోడలకు పట్టునది కాదు. తెలుగు బైబిలులో రెంటికిని 'కుష్ఠు' అను మాటయే ఉన్నందున, పాళెము వెలుపల నివసింపవలెనను విధి నేటి రోగికే చెప్పబడినట్లు శ్రోతకు తోచును.

మిర్యాము, గేహజీ, ఉజ్జియా శిక్షగా ఈ రోగము పొందలేదా అని కొందరు అడుగుదురు. పొందిరి. కాని నయమాను విషయములో అట్టి మాట లేదు. లేవీయకాండము 14లో పాపపరిహారార్థబలి ఉన్నది నిజమే. ప్రసవించిన తల్లికిని అదే బలి విధింపబడెను (12:6). ప్రసవము పాపమని ఎవరును బోధింపరు గదా!

ఇక మార్కు వృత్తాంతము. ఆ మనిషి స్వస్థతను కాక శుద్ధిని అడిగెను. శుద్ధి అనగా ఇంటికి, ఊరికి, ఆరాధనకు తిరిగి వచ్చు హక్కు. లూకా 17లో పదిమందిని దూరమునుండియే బాగుచేసిన ప్రభువు ఇక్కడ రోగము పోకమునుపే చెయ్యి చాపి ముట్టెను. తరువాత అతనిని యాజకునియొద్దకు పంపెను. యాజకుడు వైద్యుడు కాడు, సమాజములోనికి తిరిగి చేర్చు అధికారి. 45వ వచనములో స్థానములు తారుమారాయెను: వెలుపలి మనిషి జనులలో ప్రకటించుచుండగా, ప్రభువు పట్టణములోనికి బహిరంగముగా రాలేక అరణ్య ప్రదేశములలో ఉండెను. మన ప్రసంగములు సాధారణముగా 42వ వచనముతోనే ముగియుట శోచనీయము.

డిచ్‌పల్లి, సాలూరు మిషను ఆసుపత్రులు తెలుగునాట ఈ రోగులకు చేసిన సేవ స్మరణీయము. బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లోనే సిఫారసు చేసెను, రోగము నయమగుచున్నది. అయినను క్రైస్తవుల వివాహ విచ్ఛేద చట్టములో కుష్ఠు ఒక కారణముగా 2019 వరకు నిలిచియుండెను. ప్రపంచములో ఏటా కనుగొనబడు క్రొత్త రోగులలో సగమునకు పైగా నేటికిని మన దేశమువారే. కాబట్టి కనికరమును ఆసుపత్రికి అప్పగించి సంఘము తప్పుకొనుటకు వీలులేదు.

ఈ భాగమును బోధించు కాపరి మూడు సంగతులు చేయవచ్చును. రోగమును పాపముగా చెప్పుట మానవలెను. వ్యాధి నయమగునని ప్రసంగములోనే ప్రకటింపవలెను. నయమైన సహోదరుని ప్రభువు బల్లయొద్ద కడపటివానిగా కాక అందరితో కూడ నిలువనియ్యవలెను. బేతనియలో కుష్ఠరోగియైన సీమోను ఇంట ప్రభువు భోజనమునకు కూర్చుండెను (14:3). ఆ ఇంటి భోజనమును అంగీకరింపని సంఘము స్వస్థతను గూర్చి ఎంత బోధించినను ఆ బోధ సగమే.