కాగితం అక్కర్లేని లెక్క

కిరాణా కొట్టులో 187 రూపాయల సరుకు కొని ఐదొందల నోటు ఇచ్చి చూడండి. పాతకాలపు కొట్టాయన తీసివేత జోలికి పోడు. మూడు రూపాయలు బల్ల మీద పెట్టి ‘నూట తొంభై’ అంటాడు. పది నోటు వేసి ‘రెండొందలు’ అంటాడు. ఆపైన మూడు వంద నోట్లు లెక్కపెట్టి ‘ఐదొందలు’ అని చేతులు దులుపుకుంటాడు. 313 అన్న మాట ఆయన నోట రానే రాదు. అయినా చిల్లర సరిపోతుంది, కొన్నవాడి కళ్లెదుటే సరిచూడటమూ అయిపోతుంది.

అదే లెక్క బడి పద్ధతిలో చేస్తే సున్నాలోంచి ఏడు పోదు, పక్క స్థానంలో అప్పు అడగాలి. అక్కడా సున్నాయే. ఇంకో గడప ఎక్కాలి. కాగితం మీద ఈ పద్ధతికి తిరుగులేదు గానీ, తలలో చేయబోతే రెండో అప్పు దగ్గరే దారి తప్పుతాం. నోటిలెక్క అంటే కాగితం లెక్కను కళ్లు మూసుకుని చేయడం కాదు. దాని నడకే వేరు.

అది పెద్ద స్థానం నుంచి మొదలవుతుంది. 47కి 38 కలపాలంటే ముందు ముప్పై: 77. మూడు వేస్తే ఎనభై, మిగిలిన ఐదుతో 85. ‘పెద్దది మనసులో, చిన్నది చేతిలో’ అని ఒకటో తరగతిలో వేళ్లు మడిచింది ఈ దారికి తొలి మెట్టే. తొమ్మిదో శతాబ్దపు గణితవేత్త మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో మామూలు కూడిక, తీసివేతలు నేర్పకుండా నేరుగా గుణకారం ఎత్తుకున్నాడు. పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే. కూడిక, తీసివేతలు చదివేవాళ్లకు నోటికి వచ్చే ఉంటాయని మహావీరాచార్యుడు అనుకున్నాడు కాబోలు.

198 లాంటి సంఖ్యను తీయాల్సి వస్తే దాన్ని రెండొందలు చేసుకోవాలి. 345లోంచి 200 తీస్తే 145. రెండు ఎక్కువ తీశాం కనుక తిరిగిచ్చేస్తే 147. పిల్లలు ఆ రెండునీ మళ్లీ తీసేస్తుంటారు. అప్పుడు నియమం వల్లించడం కన్నా చేతిలో డబ్బులు పెట్టి ‘ఎక్కువ తీసుకున్నది ఏం చేయాలి?’ అని అడగడం నయం.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ఇంకోటుంది. 543లోంచి 287 తీయాలి. రెండిటికీ 13 కలపండి: 556, 300. జవాబు 256. అన్నదమ్ముల వయసు తేడా పదమూడేళ్ల తర్వాతా మారదు కదా!

వెయ్యిలోంచి 376 తీయాలంటే చివరి అంకెను పదిలోంచి, మిగతావాటిని తొమ్మిదిలోంచి తీస్తే చాలు: 624. దీన్ని ‘వేద గణితం’ పేరుతో అమ్ముతున్నారు. ఆ పేరుతో భారతీ కృష్ణ తీర్థ పుస్తకం 1965లో వచ్చింది; అందులోని సూత్రాలు వేదాల్లో కనబడవని పండితులే చెప్పారు. కిటుకు మాత్రం నికార్సైనదే. 999లోంచి ఏది తీసినా అప్పు అవసరం రాదు, చివర ఒకటి కలిపితే వెయ్యి లెక్క తేలుతుంది.

ఫోనుతో చెల్లించే రోజుల్లో చిల్లరే లేదు, ఇదంతా ఎందుకంటారా? సూపర్ మార్కెట్ బిల్లులో 48, 97, 152, 203 ఉన్నాయనుకోండి. 50, 100, 150, 200 అనుకుంటే ఐదొందలు. రెండు, మూడు తగ్గాయి; రెండు, మూడు పెరిగాయి; చెల్లుకు చెల్లు. అడుగున 597 అని ఉంటే, 97 రూపాయల వస్తువు రెండుసార్లు కొట్టారన్నమాట.